మన్రో సెలవు, బ్రౌన్ సెలవు

కర్నూలులోనైనా కడపలోనైనా కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల రోజు. పండక్కో, పెళ్లికో, కొండకు మొక్కు తీర్చుకోవడానికో ఆర్జిత సెలవు పెట్టి వెళ్లిన ఉద్యోగి చాలాసార్లు ఆ సోమవారమే మళ్లీ డ్యూటీలో చేరతాడు. జాయినింగ్ రిపోర్టు ఇచ్చి, ఈ-ఆఫీస్ తెరిచి, పేరుకున్న ఫైళ్లను పైనుంచి కిందికి ఒకసారి చూసేసరికే గుమ్మం దగ్గర ఒక పెద్దాయన నిలబడి ఉంటాడు. కిందటి వారం వస్తే “సారు లీవులో ఉండాడు, సోమారం రాపో” అని అటెండరు తిప్పి పంపిన మనిషి. పత్తికొండ పక్క పల్లె నుంచి పొద్దున్నే మొదటి బస్సుకు బయల్దేరి వచ్చాడు. రీసర్వేలో తన చేను ఇరవై సెంట్లు తగ్గిపోయిందని అర్జీ. పాత పాసుబుక్కు, కొత్త పాసుబుక్కు రెండూ ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని చూపిస్తాడు. సీట్లో కూర్చున్న ఆయన చెడ్డవాడేమీ కాదు. కానీ ఆ కాగితం ఎక్కడిదాకా వచ్చి ఆగిందో గుర్తు తెచ్చుకోవడానికి ఆయనకు టైం కావాలి. “వచ్చే వారం కనబడు పెద్దాయనా” అనేస్తాడు. అట్లా ఒకరి సెలవు రెండు వారాలైతే, ఇంకొకరి ఎదురుచూపు నెలవుతుంది.

సెలవు తర్వాత పనిలో కుదురుకోవడం ఎక్కడైనా కష్టమే. 1997లో ఇజ్రాయెల్ పరిశోధకులు మీనా వెస్ట్‌మన్, డోవ్ ఈడెన్ ఒక సంస్థలోని 76 మంది గుమాస్తాలను సెలవుకు ముందు, సెలవులో, ఆ తర్వాత అడిగి చూశారు. సెలవులో తగ్గిన విసుగూ అలసటా, పనిలో చేరిన మూడు వారాలకల్లా మునుపటి మట్టానికి వచ్చేశాయి. అందుకే మొదటి రోజు మీటింగులు పెట్టుకోవద్దు, ఒక రోజు ముందే ఊరికి చేరుకో, చిన్న పనులతో మొదలుపెట్టు అని సలహాలు చెబుతుంటారు. మంచి సలహాలే. అయితే అవన్నీ తిరిగి వచ్చినవాడి ఒంటి గురించీ మనసు గురించీ చెప్పేవి. వాడు లేనప్పుడు ఆ పని ఏమైంది, దాని మీద ఆధారపడ్డవాళ్లు ఏమయ్యారు అన్న ప్రశ్న వాటిలో కనబడదు.

ఆ ప్రశ్నకు మా సీమ చరిత్రలో రెండు పెద్ద ఉదాహరణలున్నాయి. ఒకరు థామస్ మన్రో, ఇంకొకరు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఇద్దరినీ దొరలుగా, పరిపాలకుడిగా, పండితుడిగా పొగిడాం, తిట్టాం, విగ్రహాలు పెట్టాం. సెలవు మీద వెళ్లి, ఏళ్ల తర్వాత తిరిగొచ్చి మళ్లీ పని అందుకున్న ఉద్యోగులుగా ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూడలేదు. అట్లా చూస్తే ఇద్దరి గురించి మనకున్న అభిప్రాయాలు కొంత మారతాయని నా నమ్మకం.

మన్రో 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో కేడెట్‌గా మద్రాసులో దిగాడు. 1800 అక్టోబరులో నిజాం దత్తమండలాలను కంపెనీకి వదిలేశాక వాటికి ప్రిన్సిపల్ కలెక్టరయ్యాడు. బళ్లారి, అనంతపురం, కడప, ఇప్పటి కర్నూలు, నంద్యాల జిల్లాల్లో పత్తికొండ, కోయిలకుంట్ల వైపు సీమంతా ఆయన కిందికి వచ్చింది. కర్నూలు పట్టణం మాత్రం 1839 దాకా నవాబుల చేతిలోనే ఉంది. ఏడేళ్లు ఆయన కచేరీ ఎక్కువగా డేరాల్లోనే నడిచింది. ఊరూరా భూమి కొలిపించి, పొలం పొలానికీ శిస్తు కట్టించి, రైతుతో నేరుగా లెక్క తేల్చుకునే రైత్వారీ పద్ధతిని ఇక్కడ నిలబెట్టాడు. పాలెగాళ్లను అణిచాడు. ఆ అణచివేత గాయం ఎంత లోతైనదో 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడినప్పుడు కోయిలకుంట్ల సీమ చూసింది. సుమారు నాలుగు లక్షల పౌండ్లున్న భూమి శిస్తు ఆ ఏడేళ్లలో ఆరు లక్షలు దాటింది. మన్రోలప్ప అని పిల్లలకు పేరు పెట్టుకున్న సీమే ఇది. ఆ పెరిగిన శిస్తు కట్టిన సీమ కూడా ఇదే. రెండూ మరిచిపోకూడదు.

1807లో ఆయన సెలవు మీద స్వదేశానికి బయల్దేరాడు. ఇరవై ఏడేళ్లుగా ఇంటి ముఖం చూడని మనిషి. వెళ్లే ముందు ఆగస్టులో ఒక నివేదిక రాసిపెట్టాడు. నా దృష్టిలో మన్రో రాతల్లో అన్నిటికంటే విలువైంది అదే. తాను కట్టిన శిస్తు రైతు మోయలేడు, మొత్తం మీద నూటికి 25 వంతులు తగ్గించాలి. సొంత ఖర్చుతో బావి బాగుచేసుకుని నీళ్లు తోడుకునే భూమికి ఇంకో 8 వంతులు తగ్గించి 33 చేయాలి. అప్పుడే భూమి మీద రైతుకు సొంత హక్కూ, ఆ హక్కుకు విలువా ఏర్పడతాయి. ఇదీ సారాంశం. సెలవు మీద పోతున్న అధికారి పైవాళ్లకు ఇష్టంలేని మాట కాగితం మీద పెట్టి పోవడం తేలిక కాదు. తాను పెంచిన శిస్తును తానే తగ్గించమని రాయడం ఇంకా కష్టం.

పైవాళ్లు వినలేదు. యుద్ధాల ఖర్చుల్లో ఉన్న కంపెనీకి పావు వంతు ఆదాయం వదులుకోవడం ఇష్టం లేదు. మద్రాసులో రెవెన్యూ బోర్డుకు రైత్వారీ మీదే నమ్మకం లేదు. మన్రో వెళ్లిన మరుసటి ఏడాదికల్లా దత్తమండలాల్లో ఊళ్లను మూడేళ్ల గుత్తకు ఇచ్చారు. తర్వాత పదేళ్ల గుత్తలు. గుత్త పాడుకున్నవాళ్లు చాలామంది బాకీ పడి చితికిపోయారు. వాళ్ల ఒత్తిడికి రైతులు చితికిపోయారు. వానలేని సీమలో పదేళ్లకు ఒకే మొత్తం కట్టి తీరాలంటే ఏమవుతుందో ఇక్కడ ఏ రైతునడిగినా చెబుతాడు.

ఇదంతా జరుగుతున్నప్పుడు మన్రో ఇంగ్లండులో ఊరికే కూర్చోలేదు. కంపెనీ పాలన మీద పార్లమెంటు కమిటీ 1812లో తెచ్చిన అయిదో నివేదికలో ఆయన ఆలోచనలకు పెద్ద చోటు దక్కింది. 1813లో కంపెనీ చార్టరును పొడిగించే వేళ హౌస్ ఆఫ్ కామన్స్ ముందు సాక్ష్యం చెప్పాడు. ఆయన సెలవంతా ఒక విధంగా పై ఆఫీసులో డెప్యుటేషన్ లాగే గడిచింది. 1814లో జేన్ క్యాంబెల్‌ను పెళ్లి చేసుకుని, ఆ ఏడే మద్రాసుకు తిరిగొచ్చాడు. పాత కుర్చీలోకి రాలేదు. న్యాయ, పోలీసు వ్యవస్థలను సరిదిద్దే కమిషన్‌కు పెద్దగా, లండన్ డైరెక్టర్ల ఉత్తర్వు చేతపట్టుకుని వచ్చాడు.

అంత బలం వెనక పెట్టుకుని వచ్చినవాడికి పని సులువుగా కుదరాలి. కుదరలేదు. ఏడేళ్లలో మద్రాసు ఆఫీసులు మారిపోయాయి. ఆయన పద్ధతి నచ్చనివాళ్లు బోర్డులోనూ, పై కోర్టు సదర్ అదాలత్‌లోనూ కుదురుకుని ఉన్నారు. లండన్ నుంచి వచ్చిన ఉత్తర్వుకు ఎదురు చెప్పకుండానే, వివరణలు అడుగుతూ, అభ్యంతరాలు రాస్తూ రోజులు జరిపారు. గ్రామ మునసబులకు చిన్న తగాదాలు తీర్చే అధికారం, పంచాయతీలకు గుర్తింపు, కలెక్టర్లకు మేజిస్ట్రేటు అధికారం ఇచ్చే రెగ్యులేషన్లు 1816లో గానీ బయటికి రాలేదు. పైవాడి అండతో తిరిగొచ్చినవాడికి పక్క సీట్లవాళ్ల సహకారం దొరక్కపోతే ఏమవుతుందో, ఇవాళ బదిలీ మీద పైరవీ ఉత్తర్వుతో వచ్చి కూర్చున్న ఏ అధికారికైనా తెలుసు. ఎవరూ కాదనరు. ఏ కాగితమూ కదలదు.

మరి దత్తమండలాల రైతు సంగతి? 1814లో మన్రో మద్రాసులో దిగినా శిస్తు తగ్గింపు మాట కదల్లేదు. మరాఠా యుద్ధంలో సేనలు నడిపాడు, మళ్లీ ఇంగ్లండు వెళ్లాడు, 1820లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. అప్పుడు గుత్తలు పోయి రైత్వారీ తిరిగొచ్చింది. 1807 నాటి తగ్గింపు కూడా అప్పుడే అమలైంది. పత్తికొండ, పులివెందుల రైతుల వైపు నుంచి లెక్కేస్తే మన్రో సెలవు ముగిసింది 1814లో కాదు, 1820లో. పదమూడేళ్లు. ఆ ఆలస్యానికి సెలవొక్కటే కారణమని అనడం న్యాయం కాదు. ఆయన అనంతపురంలోనే ఉండి ఉన్నా బోర్డు వినేదని చెప్పలేం. కానీ ఆ పని కోసం రోజూ అడిగే మనిషి కచేరీలో లేకుండా పోయాడన్నది నిజం.

బ్రౌన్ కథ వేరు. మన్రో గవర్నరుగా వచ్చిన 1820లోనే ఆయన మద్రాసు కాలేజీ చదువు ముగించుకుని కడప కలెక్టరు హాన్‌బరీ దగ్గర సహాయకుడిగా చేరాడు. తెలుగు మొదట ఉద్యోగానికి అవసరమైన పరీక్ష. కడపలో అది బతుకైంది. రెండోసారి కడపకు వచ్చినప్పుడు సొంత డబ్బుతో బంగళా, తోట కొని, అందులో పండితుల్ని కూర్చోబెట్టి తాళపత్రాలు సేకరించడం, పోల్చి చూడడం, కాగితం మీద శుద్ధప్రతులు రాయించడం మొదలుపెట్టాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ పనికి అండ. 1829లో వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చయ్యాయి. తర్వాత 1832-33 నందన కరువులో బ్రౌన్ గుంటూరులో ఉన్నాడు. శవాలు లెక్కపెట్టుకోవలసిన కాలంలో కచేరీ నడిపిన మనిషి ఎట్లా అలసిపోతాడో ఊహించుకోవచ్చు. ఉద్యోగంలో చేదు చవిచూసి, ఆ తర్వాత కొద్దికాలానికి ఇంగ్లండు వెళ్లిపోయాడు.

ఆయన సెలవు మన్రో సెలవులా గొప్పవాళ్ల సభల్లో గడవలేదు. కంపెనీ గ్రంథాలయంలో ఎవరూ విప్పి చూడని దక్షిణ భాషల రాతప్రతుల గుట్ట ఆయన కంటబడింది. సంస్కృత పండితుడు హొరేస్ హేమన్ విల్సన్ సాయంతో ఆ 2106 గ్రంథాలను మద్రాసుకు పంపించే ఏర్పాటు చేయించాడు. లండన్‌లో చదివేవాడు లేని గ్రంథాలు, మద్రాసులో చదివేవాళ్లున్న చోటికి చేరాయి. సెలవులో ఉన్నవాడు తన తర్వాతి పదిహేనేళ్ల పనికి కావలసిన ముడిసరుకును తనకంటే ముందు పంపుకోవడం నాకు ఆ కథలో అన్నిటికంటే నచ్చే ఘట్టం.

ఆ దశాబ్దం చివర్లో తిరిగొచ్చాడు. వచ్చిన ఉద్యోగం పారశీక అనువాదకుడు! కడప లేదు, జిల్లా లేదు. తెలుగుకు ప్రాణం పెట్టినవాడికి పారశీకం కాగితాలు. మనలో చాలామందికి ఈ అవస్థ తెలుసు. సెలవు ముగించుకుని వచ్చేసరికి సీటు మారిపోయి ఉంటుంది. మనకు చేతనైన పని ఇంకొకరి దగ్గర, మనకు పట్టని పని మన దగ్గర. అట్లాంటప్పుడు మనిషి రెండేళ్లు చిరాకులోనే గడిపేస్తాడు. బ్రౌన్ అట్లా గడపలేదు. 1839లో వేమన మళ్లీ అచ్చయ్యాడు. మొదటి కూర్పులో 693 పద్యాలుంటే ఇందులో 1164. 1840లో తెలుగు వ్యాకరణం వచ్చింది. 1844లో జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో వసుచరిత్ర, 1851లో మనుచరిత్ర, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, 1854లో ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు.

ఈ వరసలో మొదటి పుస్తకాన్ని గమనించండి. తిరిగొచ్చినవాడు కొత్త పెద్ద పథకం ప్రకటించలేదు. నిఘంటువు ఆలోచన మనసులో ఉండే ఉంటుంది, అయినా దానితో మొదలుపెట్టలేదు. పదేళ్ల కిందట తాను చేసి, తనకు బాగా తెలిసి, ఇంకా మెరుగు పెట్టాల్సింది ఉందని ఎరిగిన పని చేతికి తీసుకున్నాడు. పొద్దు వాలాక సాలు మధ్యలో మడక విప్పిన రైతు మర్నాడు అదే సాలులో మడక దించినట్టు. ఆ పనిలో చెయ్యి తిరిగాక వ్యాకరణం, ఆ తర్వాత కావ్యాలు, కావ్యాల్లోంచి పోగైన మాటలతో నిఘంటువు. కుదురుకోవడం అంటే నాకు తెలిసిన మంచి నమూనా ఇదే: తెలిసిన పని, మునుపటికంటే బాగా.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. బ్రౌన్‌ది పుస్తకాల పని, తనిష్టం. మన్రోది వేలమంది రైతుల బతుకు, నలుగురినీ ఒప్పించాల్సిన పని. రెంటినీ ఒకే తూకంలో వేయడం సరికాదని. అభ్యంతరం చాలావరకు నిజమే. తాళపత్రం ఎదురుచూసినా ఆకలితో చావదు. మన్రో ముందున్న కష్టం బ్రౌన్ ముందు లేదు. అయినా బ్రౌన్ పని ఒంటరి పని అనుకోవడం పొరపాటు. పండితులు, లేఖకులు, పల్లెల్లో ప్రతులు వెతికి తెచ్చేవాళ్లు, వాళ్ల జీతాలు, అప్పులు, అలకలు అన్నీ ఉన్న చిన్న ఆఫీసు అది. ప్రభుత్వం పెట్టని ఆఫీసు. తిరిగొచ్చాక మళ్లీ ఆ పండితుల్ని కూడగట్టుకోగలిగాడంటే, వాళ్లతో తన సంబంధాన్ని జీతం దగ్గరే ఆపలేదని అర్థం. జూలూరి అప్పయ్యశాస్త్రి పేరు వసుచరిత్ర మీద నిలబడి ఉండటం ఆ సంబంధానికి సాక్ష్యం.

మన్రో కచేరీలో ఆయనకు లెక్కలు రాసిన కరణాల పేర్లు, సర్వే గొలుసు పట్టిన మనుషుల పేర్లు మనకు అట్లా నిలబడలేదు. ఏడేళ్ల సెలవులో నిజంగా ఆ ఆఫీసును మోసింది వాళ్లే. బోర్డు గుత్త అంటే గుత్త లెక్క, మళ్లీ రైత్వారీ అంటే రైత్వారీ లెక్క, ఏది అడిగితే అది రాసిచ్చారు. వాళ్లకు సెలవు లేదు.

ఇద్దరి రాతలను పక్కపక్కన చదివితే తేడా ఇంకా తెలుస్తుంది. గ్లీగ్ రాసిన మన్రో జీవితచరిత్ర 1830లో వచ్చింది. అందులోని ఉత్తరాలు, ముఖ్యంగా చెల్లెలు ఎర్స్‌కిన్‌కు రాసినవి, డేరా చుట్టూ మూగిన రైతుల్ని, వాళ్ల వాదాల్ని, ఎండల్ని కళ్లకు కట్టిస్తాయి. అధికారిక మినిట్లలో అదే మనిషి అంకెలతో, క్రమంతో, ఎదుటివాడి అభ్యంతరాన్ని ముందే ఊహించి జవాబిస్తూ రాస్తాడు. 1807 నివేదికకు పదమూడేళ్ల ఆయుష్షు ఉండటానికి ఆ రాత తీరు కూడా కారణం. ఎవరు ఎప్పుడు తెరిచినా అర్థమయ్యేట్టు రాశాడు. అంకె ఉంది, కారణం ఉంది, మినహాయింపు ఉంది. బ్రౌన్ తన సాహిత్య జీవితం గురించి తానే రాసుకున్న చిన్న పుస్తకంలో ఇల్లూ బతుకూ వెనక్కిపోయి గ్రంథాలే ముందుకొస్తాయి. ఎక్కడ ఏ ప్రతి దొరికింది, ఎవరు దిద్దారు, ఏది అచ్చయింది. చదివేవాడికి ఆ మనిషి బాధ తెలియదు, పని మాత్రం తెలుస్తుంది. మన్రోలో మనిషి బాగా కనబడతాడు. నాకు చదవడానికి మన్రో ఇష్టం. పని నేర్చుకోవడానికి బ్రౌన్ ఇష్టం.

జనం జ్ఞాపకంలోనూ తేడా ఉంది. గండి క్షేత్రంలో పాపఘ్ని మీద బంగారు తోరణం మన్రో కళ్లకు కనబడిందంటారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం దగ్గర స్వామితోనే మాట్లాడాడంటారు. ఈ కథల్లో మన్రో ఎప్పుడూ తిరుగుతూ, ఆగి, ఒకరి మాట వింటూ ఉంటాడు. అధికారి అట్లా ఉండాలని సీమ జనం కోరుకున్నారు, ఆ కోరికను ఆయన మీద పెట్టారు. బ్రౌన్ మీద అట్లాంటి మహిమల కథలు లేవు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట, జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో లేచిన గ్రంథాలయం ఉంది. అక్కడికి వెళ్లేవాళ్లు ఏ మొక్కూ మొక్కరు. పుస్తకం అడిగి తీసుకుని కూర్చుంటారు.

ఇప్పటి ఆఫీసుకు వస్తే, మన్రో దగ్గర తీసుకోవలసింది ఆయన అధికారాన్ని కాదు, 1807 ఆగస్టు నాటి ఆ అలవాటును. సెలవు చీటీతో పాటు పని ఎక్కడుందో, తర్వాత ఏం జరగాలో, ఎందుకో రాసిపెట్టి పోవడం. మన దగ్గర ఛార్జి ఇచ్చిపుచ్చుకునే పద్ధతి బదిలీలకు బాగానే ఉంది. పది రోజుల సెలవుకు మాత్రం ఇన్‌చార్జి ఎవరో ఒక ఉత్తర్వు ఉంటుంది, అంతే. ఎఫ్ఏసీ (పూర్తి అదనపు బాధ్యత) మీద ఇంకో సెక్షన్ చూసేవాడికి తన సీటు ఫైళ్లే బరువు; పక్క సీటు అర్జీ ఏ దశలో ఉందో ఎవరూ చెప్పకపోతే ముట్టుకోడు. ముట్టుకుంటే తప్పు పడుతుందని భయం కూడా. ఆ భయంలో న్యాయముంది. “సర్వేయరు రిపోర్టు వచ్చింది, తహసీల్దారు సంతకమే మిగిలింది, రైతుకు ఫలానా తేదీన రమ్మని చెప్పాను” అని నోట్‌ఫైల్లో మూడు ముక్కలు ఉంటే ఆ సంతకం సెలవులోనే అయిపోయేది. వచ్చినవాడి మొదటి సోమవారమూ తేలికయ్యేది.

తిరిగొచ్చినవాడి మొదటి వారాన్ని పైఅధికారులు చూసే తీరు కూడా మారాలి. “రెస్టు తీసుకుని వచ్చావు కదా” అని కొత్త రిపోర్టులు, వీడియో కాన్ఫరెన్సు లెక్కలు మొదటి రోజే నెత్తిన పెట్టే అలవాటు మన ఆఫీసుల్లో బాగా ఉంది. బ్రౌన్ వరస దీనికి పూర్తిగా వ్యతిరేకం. మొదట తనకు తెలిసిన పాత ఫైలు ఒక్కటి పూర్తి చేయనివ్వాలి. అది పూర్తయితే మిగతా ఫైళ్లు వాటంతటవే గుర్తుకొస్తాయి. కర్నూలు ఆఫీసులకు కుదురుకోవడం తెలియనిదేమీ కాదు. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు మద్రాసు నుంచి వచ్చిన ఉద్యోగులు డేరాల్లో సంసారాలు పెట్టుకుని రాష్ట్రాన్ని నడిపారు. ఫైళ్లు పెట్టెల్లో వచ్చాయి, ఎండా గాలీ డేరాల్లోకే వచ్చాయి. ఆ తరం వాళ్లను కదిలిస్తే కష్టం కంటే ఎక్కువగా, ఏ పెట్టెలో ఏముందో పక్కవాడికి తెలియడం వల్లే పని సాగిందని చెప్పేవాళ్లు.

ఇద్దరి ఆఖరి సెలవునూ చూడాలి. 1827కు మన్రో పదవి వదిలి ఇంటికి పోవడానికి అనుమతి అడిగి ఉన్నాడు. తన తర్వాతివాడు రావడం ఆలస్యమైంది. ఆ సందులో దత్తమండలాలను ఆఖరుసారి చూసి రావాలని ఎండాకాలంలో బయల్దేరాడు. దారిలో కలరా సోకి జులై 6న పత్తికొండలో పోయాడు. గవర్నరుకు అవసరం లేని పర్యటన అది. ఆ శిస్తు తగ్గింపు ఎట్లా పనిచేస్తోందో కళ్లతో చూడాలన్న కోరిక అందులో ఉందని నేను నమ్ముతాను. 1807లో వదిలిపోయిన పనికి ఆయన 1820లో కాగితం మీద తిరిగొచ్చాడు, 1827లో ఒంటితో తిరిగొచ్చాడు. ఆయన మీద ఎన్ని విమర్శలున్నా, పెట్టిపోయిన పనిని ఇరవై ఏళ్లు మనసులోంచి తీసేయని ఈ గుణం ముందు నేను తలవంచుతాను. బదిలీ కాగానే జిల్లాను మరిచిపోయే అధికారులను చూసినవాళ్లెవరైనా వంచుతారు.

బ్రౌన్ 1850ల నడుమ ఆరోగ్యం చెడి శాశ్వతంగా ఇంగ్లండు వెళ్లిపోయాడు. అక్కడా ఊరుకోలేదు, లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు. 1884 డిసెంబరులో పోయాడు. మద్రాసులో ఆయన వదిలిన ప్రతులు మాత్రం ఆయనతో ఆగిపోలేదు. ఏ కావ్యానికి ఎన్ని ప్రతులు చూసి పాఠం స్థిరపరిచారో, ఏ పండితుడు దిద్దాడో ఆ కాగితాల మీదే గుర్తులున్నాయి. అందువల్ల నూరేళ్లు గడిచాక కూడా తెలియనివాడు తెరిచి అందుకోగలిగే స్థితిలో ఉన్నాయి. పరిశోధకుడు బంగోరె అట్లాగే తెరిచాడు. 1978లో జి.ఎన్.రెడ్డితో కలిసి బ్రౌన్ సాహిత్య స్వీయచరిత్రను తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ద్వారా అచ్చు వేయించాడు. బ్రౌన్ ఉత్తరాలు, జాబులు, చెదిరిన కాగితాలు ఒక్కొక్కటే వెతికి పట్టుకున్నాడు. ఆ ప్రతుల్లో అచ్చు కావలసినవి ఇంకా ఉన్నాయి, చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో అడిగితే తీసి ఇస్తారు.